నదిలో కొలిచిన లెక్క ప్రభుత్వ నివేదికలోకి చేరే దారి ఏది?

పెన్నాతీరం (ప్రశ్న):

నేను ఒక విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సోమశిల ఆనకట్టకు దిగువన పెన్నా నదిలో కొన్ని చోట్లను ఎంచుకొని, వర్షాకాలానికి ముందు ఒకసారి, వరద తీసిన తరువాత ఒకసారి నదీగర్భం క్రాస్ సెక్షన్లను, అంటే ఒడ్డు నుంచి ఒడ్డుకు నది అడుగు ఎత్తుపల్లాలను కొలిచి, ఆ మధ్యలో కొత్తగా ఎంత ఇసుక చేరిందో లెక్కగట్టడం నా పని. ఇసుక రీచ్‌లను కేటాయించేటప్పుడు ఏటా తిరిగి చేరుతుందని అనుకుంటున్న ఇసుకకూ, నేను చూస్తున్నదానికీ చాలా తేడా ఉన్నదని నాకు అర్థమైంది. తవ్విన గుంతలు కొన్ని చోట్ల వరద వచ్చి వెళ్లినా పూడలేదు. పక్క ఊళ్లలో వేసవిలో చెలమలు తీసి నీళ్లు తెచ్చుకునేవారు ఇప్పుడు ఎంత లోతు తీసినా ఊట రావడం లేదని చెబుతున్నారు.

నా వ్యాసాన్ని జతచేసి ఒక కార్యాలయానికి లేఖ రాశాను. జవాబు రాలేదు. మన బాధ్యత పరిశోధన వ్యాసం ప్రచురించడం వరకేనని, మిగిలినది రాజకీయమని మా మార్గదర్శకులు అంటున్నారు. నాకు ఉద్యమం చేయాలని లేదు, కానీ ప్రజల సొమ్ముతో కొలిచిన లెక్క నిర్ణయం తీసుకునేవారి బల్ల మీదకు చేరకపోవడం కూడా సరికాదనిపిస్తోంది. భూవిజ్ఞానులు ప్రభుత్వ విధానంలో పాలుపంచుకోవడానికి సక్రమమైన దారులు మన దగ్గర ఏమున్నాయి? ఏ రూపంలో రాస్తే చదువుతారు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఊటబావి:

నేను భూగర్భ జలాల రంగంలో ప్రభుత్వోద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడిని కనుక బల్లకు అవతలి వైపు నుంచి చెబుతాను. మీ లేఖకు జవాబు రాకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమని అనుకోకండి. ఒక కార్యాలయానికి పరిశోధన వ్యాసం వస్తే దానిని ఏ ఫైలులో పెట్టాలో తపాల్ సెక్షన్‌కు తెలియదు. ఫైలు లేని కాగితానికి నోట్ రాసేవారు ఉండరు, నోట్ లేని కాగితం పై అధికారి దగ్గరకు పోదు. అందుచేత మొదట తెలుసుకోవలసినది మీ అంకె ఏ పత్రంలో, ఏ పేజీలో కూర్చోవాలన్నది.

ఇసుక విషయంలో ఆ పత్రం జిల్లా సర్వే నివేదిక, అంటే జిల్లాలో ఎక్కడ ఎంత ఇసుక తవ్వవచ్చో చెప్పేది. చిన్న తరహా ఖనిజాల తవ్వకాలకు పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 జనవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఈ నివేదిక తప్పనిసరి అయింది. దాని గడువు అయిదేళ్లు. ముసాయిదాను కలెక్టరేట్‌లో ఒక ప్రతి ఉంచి, జిల్లా వెబ్‌సైట్‌లో 21 రోజుల పాటు ప్రజల పరిశీలనకు పెట్టాలని, వచ్చిన వ్యాఖ్యలను పరిశీలించి తగినవాటిని తుది నివేదికలో చేర్చాలని అందులోనే ఉంది. ఆ 21 రోజుల్లో గుత్తేదారులు తప్ప చదివేవారు అరుదు. భూవిజ్ఞానులైతే ఆ ముసాయిదా వచ్చిన సంగతి పత్రికల్లో చూసి కూడా పేజీ తిప్పేస్తారు, ఎందుకంటే అది వాళ్లకు పరిశోధనలా కనబడదు.

ముసాయిదా దొరికితే ముందుగా ఇసుక తిరిగి చేరే పరిమాణం లెక్కించిన పేజీ తెరవండి. చాలా నివేదికల్లో అక్కడ డెండీ-బోల్టన్ సమీకరణం కనిపిస్తుంది. అది అమెరికా జలాశయాల్లో చేరిన పూడిక లెక్కల నుంచి 1976లో రూపొందించినది. పరీవాహక ప్రాంతం వైశాల్యం, వాననీటి ప్రవాహం ఇస్తే ఏటా కొట్టుకువచ్చే మట్టి, ఇసుక మొత్తం ఎంతో చెబుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. అది చెప్పేది మొత్తం అవక్షేపం గురించి. అందులో ఒండ్రు ఎంత, ఇళ్లు కట్టడానికి పనికివచ్చే ముతక ఇసుక ఎంత అన్నది వేరే లెక్క. రెండోది మీ నదికి ఇంకా ముఖ్యం. సోమశిలకు ఎగువన పెన్నా, చెయ్యేరు, చిత్రావతి, పాపాఘ్ని తెచ్చే ఇసుక జలాశయంలోనే ఆగిపోతుంటే, దిగువ రీచ్‌కు లెక్కగట్టేటప్పుడు పరీవాహక ప్రాంతం మొత్తాన్ని సమీకరణంలో వేస్తే జవాబు అసలు కంటే ఎన్నో రెట్లు వస్తుంది. ఇది వాదన కాదు, కూడిక తప్పు. కూడిక తప్పును ఎత్తి చూపితే ఏ అధికారీ రాజకీయమని తోసిపుచ్చలేడు.

ఇక రాసే పద్ధతి. రెండు పేజీలు మించవద్దు. తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లిషులో ఒక ప్రతి. మొదటి పేరాలోనే ముసాయిదాలోని పేజీ సంఖ్య, పట్టిక సంఖ్య, అక్కడున్న అంకె, మీరు కొలిచిన అంకె, మీ అంకెలో దోషానికి ఉన్న అవకాశం, ఇవి రావాలి. తరువాత, తుది నివేదికలో ఆ చోట ఏ వాక్యం ఉండాలని మీరు కోరుతున్నారో ఆ వాక్యాన్నే రాసి ఇవ్వండి. "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగించే లేఖ అధికారికి పని పెంచుతుంది; సిద్ధంగా ఉన్న వాక్యం పని తగ్గిస్తుంది. మీ సిద్ధాంతం, మీ పద్ధతి విశేషాలు, గతంలో ఎవరెవరు ఏమన్నారన్నది అనుబంధంలో ఉంటే చాలు. 2020లో వచ్చిన ఇసుక తవ్వకాల పర్యవేక్షణ మార్గదర్శకాలు ఏడాదికి నాలుగు సార్లు నదీగర్భం మట్టాలు తీయాలంటున్నాయి: ఏప్రిల్‌లో, వర్షాకాలానికి తవ్వకాలు ఆపేటప్పుడు, వానలు వెనక్కి తగ్గాక, మార్చి చివర. మీ కొలతలు ఈ నాలుగింటిలో ఏవాటితో సరిపోతాయో చెబితే అవి వారి భాషలోకి వచ్చినట్టే.

భూవిజ్ఞానం మన చట్టాల్లోకి వెళ్లలేదని నిరాశ పడనవసరం లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, కింద చేసిన నిబంధనల్లో ఇసుకను వాగు క్రమాన్ని బట్టి, అంటే ఒకే స్థాయి వాగులు రెండు కలిసినప్పుడల్లా ఒకటి పెరిగే సంఖ్యను బట్టి విభజించారు. ఒకటి, రెండు, మూడో క్రమం వాగుల్లోని ఇసుక ఒడ్డునున్న ఊళ్ల స్థానిక అవసరాలకే. యంత్రాలతో బయటికి తరలించకూడదు. వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదు. టోపోషీటు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటం) ముందు పెట్టుకొని ఉపనదులను లెక్కించే మన తరగతి పాఠం అక్కడ చట్టంగా మారింది. ఎవరో హైడ్రోజియాలజిస్టు (భూగర్భ జలాల శాస్త్రవేత్త) ఆ నిబంధనలు రాసే సమయంలో ఆ గదిలో ఉండకపోతే అది జరిగేది కాదు.

నల్లరేగడి:

నేను కేంద్ర ప్రభుత్వ సంస్థలో శాస్త్రవేత్తను కనుక ఒక్క విషయానికే పరిమితమవుతాను. ప్రశ్న అడిగినవారు విద్యార్థి. వారికి ఉన్న స్వేచ్ఛ మాకు లేదు, అయితే మేము అనుకునేంత తక్కువ కూడా కాదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలో 9వ నియమం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. కానీ పుస్తకం ప్రచురించినా, మాధ్యమాల్లో పాల్గొన్నా అవి తన సొంత అభిప్రాయాలేనని, ప్రభుత్వానివి కావని స్పష్టం చేయాలని మాత్రమే 8వ నియమం చెబుతుంది. పార్లమెంటు, శాసనసభ లేదా ప్రభుత్వం నియమించిన విచారణ సంస్థ ముందు సాక్ష్యం చెప్పడానికి 10వ నియమం అడ్డురాదు. ఈ మూడూ చదవకుండానే చాలామంది సహోద్యోగులు నోరు మూసుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల నియమాలు వేరు, విశ్వవిద్యాలయాలవీ వేరు, చేరినప్పుడు సంతకం చేసిన కాగితాన్ని ఒకసారి చూసుకోవాలి.

అయినా భయానికి కారణం లేకపోలేదు. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణం కుంగినప్పుడు, పన్నెండు రోజుల్లో 5.4 సెంటీమీటర్లు దిగిందని చూపిన ఉపగ్రహ చిత్రాల నివేదిక మన హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం వెబ్‌సైట్ నుంచి కనుమరుగైంది. పత్రికలతో మాట్లాడవద్దని, సామాజిక మాధ్యమాల్లో సమాచారం పెట్టవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శాస్త్రీయ సంస్థలను కోరింది. ఆ పట్టణం పాత కొండచరియల శిథిలాల మీద నిలిచి ఉన్నదని, భారీ కట్టడాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. అప్పటి భూవిజ్ఞానులు చేయవలసినది చేశారు. దాదాపు అర్ధ శతాబ్దం ఆ నివేదికను ఎవరూ వెంటపడి గుర్తు చేయకపోవడమే లోపమని నా అభిప్రాయం. ఒకసారి సమర్పించి చేతులు దులుపుకుంటే సరిపోదు. పాలకులు మారిన ప్రతిసారీ మళ్లీ ఇవ్వాలి.

హ్యూస్టన్ తెలుగు:

నేను అమెరికాలో భూభౌతిక రంగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఈ పనికి ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నాయి. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్, అమెరికన్ జియోసైన్సెస్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంఘాలు తమ ఖర్చుతో భూవిజ్ఞానులను ఏడాది పాటు కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుల కార్యాలయాల్లో పనిచేయడానికి పంపుతాయి. ఇటువంటి ఫెలోషిప్‌లు 1973లో మొదలయ్యాయి. వెళ్లినవారు తమ పరిశోధన గురించి చెప్పరు. ఆ కార్యాలయానికి ఆ వారంలో ఏ ప్రశ్న వచ్చిందో దానికి సాయంత్రంలోగా ఒక పేజీ జవాబు తయారు చేస్తారు. ఊటబావి గారు చెప్పిన రెండు పేజీల క్రమశిక్షణ అదే.

భారతదేశంలో దీనికి దగ్గరగా ఉన్నది పార్లమెంటు స్థాయీ సంఘాల వ్యవస్థ. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి ఉన్నాయి. ఏదైనా బిల్లు తమ ముందుకు వచ్చినప్పుడు అవి పత్రికా ప్రకటన ఇచ్చి ప్రజల నుంచి లిఖితపూర్వక అభిప్రాయాలు కోరతాయి. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ శాస్త్ర సాంకేతిక, పర్యావరణ సంఘం కిందికి వస్తుంది, జియలాజికల్ సర్వే మాత్రం గనుల శాఖలో ఉంది కనుక బొగ్గు, గనులు, ఉక్కు సంఘం కిందికి వస్తుంది. ఈ తేడా తెలియక తప్పు చోటికి రాసేవారున్నారు. బిల్లు సభకు రాకముందే ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలన్న కేంద్ర విధానం 2014 నుంచి ఉంది. 2022 డిసెంబరులో భూవారసత్వ ప్రదేశాల ముసాయిదా బిల్లు అలాగే వచ్చింది. ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల శిలాతోరణం మన దగ్గరే ఉన్నా తెలుగు రాష్ట్రాల భూవిజ్ఞాన విభాగాల్లో దాని మీద ఒక్క చర్చ కూడా నా కంటపడలేదు. ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయని అందరం సంతోషించాం కానీ, జాబితా దిబ్బను కాపాడదు. 2024లో ఆ దిబ్బల అంచున యంత్రాలు దిగిన సంగతి మరచిపోకూడదు.

నల్లకోటు:

ఊటబావి గారి సలహా మంచిదే కానీ అది సగం. సక్రమంగా రాస్తే సక్రమంగా చదువుతారన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. నేను పర్యావరణ కేసులు చూస్తాను. ముసాయిదాకు వచ్చిన అభ్యంతరాలు తుది నివేదికలో ప్రస్తావనకైనా రాని సందర్భాలు ఎన్నో చూశాను. అందువల్ల మీ రెండు పేజీలు మొదటి రోజు నుంచే న్యాయస్థానంలో నిలబడేలా ఉండాలి. కొలిచిన ప్రతి చోటి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వాడిన పరికరం, బెంచ్ మార్కు (ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తు) ఏది, ముడి లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంది, ఇవన్నీ అనుబంధంలో పెట్టండి. కలెక్టరేట్ తపాల్‌లో ఇచ్చి రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే రేపు ఎవరూ మీరు చెప్పారని ఒప్పుకోరు.

దీనికి బలం ఇప్పుడు పెరిగింది. ఇసుక తిరిగి చేరే పరిమాణం మీద సరైన అధ్యయనం లేని జిల్లా సర్వే నివేదికను ఆధారం చేసుకొని పర్యావరణ అనుమతి ఇవ్వడం చెల్లదని, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది. అంటే మీరు చేస్తున్న పరిశోధనే ఇప్పుడు అనుమతికి పునాది. ఒకవేళ అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. కేసు వేయవలసినది మీరు కాదు. ఆ ఊరి రైతులు వేస్తారు. మీ ముద్ర పడిన కాగితం వారికి అక్కరకు వస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టులైతే సభకు వెళ్లి తెలుగులో మూడు నిమిషాలు మాట్లాడండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం అక్కడ మాట్లాడినది మినిట్స్‌లో నమోదు చేసి స్థానిక భాషలో చదివి వినిపించాలి. "బెడ్ లోడ్" అంటే ఎవరికీ తెలియదు. "నది అడుగున దొర్లుతూ వచ్చే ముతక ఇసుక" అంటే కలెక్టరు గారికీ, చెలమ తీసే అవ్వకూ ఒకేసారి తెలుస్తుంది.

పెన్నాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. మా జిల్లా ప్రస్తుత నివేదికను వెబ్‌సైట్‌లో చూశాను. ఊటబావి గారు అనుమానించినట్టే, దిగువ రీచ్‌కు ఆనకట్ట ఎగువ పరీవాహక ప్రాంతాన్ని కూడా కలిపి లెక్కవేశారు. కానీ అది ఇప్పటికే తుది నివేదిక, ముసాయిదా దశ దాటిపోయింది. తదుపరి నివేదిక వరకు ఆగాలా? మరొక సందేహం: నేను కొలిచినవి కొన్ని చోట్లే. అంత తక్కువ సమాచారంతో జిల్లా మొత్తం గురించి మాట్లాడటం సాహసం కాదా?

ఊటబావి:

ఆగవద్దు. గనుల శాఖ జిల్లా అధికారికి, రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు ఇప్పుడే ఇవ్వండి. ఆ నివేదిక ఆధారంగా ఒక్కొక్క రీచ్‌కు అనుమతి కోసం దరఖాస్తులు వస్తూనే ఉంటాయి కనుక మదింపు సంఘం ముందు మీ కాగితానికి చోటుంటుంది. నల్లకోటు గారు ముద్ర గురించి చెప్పినది నేను మరింత గట్టిగా చెబుతాను, రెండు చోట్లా వేయించుకోండి.

జిల్లా మొత్తం గురించి మాట్లాడకండి. మీరు కొలిచిన రీచ్‌ల పేర్లు రాసి, ఆ రీచ్‌ల వరకే మీ మాట పరిమితమని మొదటి పేరాలోనే చెప్పండి. ఎగువ పరీవాహక ప్రాంతం కలిపారన్నది మాత్రం కొలత అక్కరలేని విషయం, దానికి ఒక పటం చాలు. ఈ రెండింటినీ ఒకే లేఖలో కలపకుండా రెండు లేఖలుగా ఇవ్వండి. కొలతల మీద ఎవరైనా అభ్యంతరం చెప్పినా పటం మీద చెప్పలేరు. వర్షాకాలం ముందు తవ్వకాలు ఆపేటప్పుడు శాఖవారు మట్టాలు తీయడానికి వస్తారు. ఆ రోజు మీ పరికరంతో మీరూ అక్కడ ఉండేందుకు అనుమతి అడగండి. ఇద్దరూ ఒకే బెంచ్ మార్కు నుంచి ఒకే రోజు తీసిన మట్టాలుంటే తరువాత వాదించుకోవలసినది చాలా తగ్గుతుంది.