మూడేళ్ల పాపకు మాంటిస్సోరి: రెండేళ్లు చాలా, మూడేళ్లూ ఉంచాలా?

వేకువ:
పాపకు మూడు నిండాయి. పిల్లలే పని ఎంచుకుని వస్తువులతో నేర్చుకునే మాంటిస్సోరి బడిలో వేసి, అయిదు రాగానే మామూలు బడికి మార్చేద్దామని ఇంట్లో అంటున్నారు. రెండేళ్ల కోసం వేయడం దండగా? తెలిసినవాళ్లు చెప్పండి.

సన్నజాజి:
మూడేళ్లూ ఉంచలేకపోతే వేయొద్దనే అంటాను. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టడానికి కారణం ఉంది. మొదటి ఏడు చెయ్యీ కన్నూ కుదురుకుంటాయి: నీళ్లు ఒలకకుండా పోయడం, గుండీలు పెట్టడం, సిలిండర్లను వాటి గుంటల్లో అమర్చడం. రెండో ఏడు గరుకు కాగితంతో చేసిన శాండ్‌పేపర్ అక్షరాల మీద రెండు వేళ్లతో రాస్తూ శబ్దం పలుకుతారు. మూడో ఏటికి చదవడం అందుతుంది, గోల్డెన్ బీడ్స్ అనే పూసలతో వేల దాకా కూడికలు చేతికొస్తాయి. పది విడి పూసలు ఇచ్చి పది పూసలు గుచ్చిన పుల్ల ఒకటి తీసుకోవడం అప్పుడు పిల్లకు ఆటంత తేలిక. చిన్నవాళ్లకు చూపించే పెద్దరికం వచ్చేదీ ఆ ఏడే. సరిగ్గా అప్పుడు తీసేయడం కోతకొచ్చిన చేను వదిలి పోవడమే.

పలకబలపం:
మూడో ఏటి సంగతి తర్వాత. ముందు మొదటి రోజు ఏం జరుగుతుందో చెప్పండి. ఒకదాని మీద ఒకటి పేర్చాల్సిన పింక్ టవర్ ఘనాలను పిల్ల వరసగా పెట్టి రైలుబండి అంటే టీచర్ వచ్చి తీసి అరలో పెట్టేస్తుంది. మూడేళ్ల పిల్లకు ఊహే లోకం. దాన్ని కట్టేసే గదిలో కూర్చోబెట్టి స్వేచ్ఛ అనడం నాకు మింగుడుపడదు.

సన్నజాజి:
పలకబలపం గారూ, ఆ పది ఘనాలు 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఒక్కొక్కటే అర నుంచి చాప దాకా మోసుకురమ్మనేది ఆ తేడా చేతికి బరువుగా తెలియాలనే. పెద్దది చిన్నదానికి వెయ్యి రెట్లు. మూల కలిపి పేరిస్తే ప్రతి అంతస్తు దగ్గరా ఒక సెంటీమీటరు మెట్టు వస్తుంది, చిన్న ఘనం ఆ మెట్టు మీద సరిగ్గా ఇముడుతుంది. దాన్ని పిల్ల తనంతట కనిపెట్టాలి. ఆ తర్వాత బ్రౌన్ స్టెయిర్ అనే చెక్క దిమ్మెలతో కలిపి ఎన్ని తీర్లుగా పేర్చినా ఎవరూ ఆపరు. విసరడం, కొట్టడం మొదలైతేనే ఆపుతారు. రైలు ఆటకు ఇల్లుంది, బయట ఆవరణ ఉంది.

పలకబలపం:
అంటే రైలు కుదరదన్నమాటే కదా. నేనన్నదీ అదే.

తూనీగ:
బోర్డు చూసి చేర్చకండి. అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం ఏఎంఐ 1929 నుంచీ ఉన్నా, చాలాచోట్ల మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. టీచర్ శిక్షణ ఎక్కడ తీసుకుందో అడగండి.

నిదానం:
రైలు దగ్గరే ఆగిపోకండి. 2006లో సైన్స్ పత్రికలో అమెరికాలోని మిల్వాకీలో ఒక మాంటిస్సోరి బడి మీద వచ్చిన అధ్యయనం ఉంది. లాటరీలో సీటు వచ్చిన పిల్లలను, రాని పిల్లలను పోల్చారు. అయిదేళ్ల వాళ్లలో అక్షరాలు, లెక్కలు, తమను తాము అదుపులో పెట్టుకోవడంలో మాంటిస్సోరి పిల్లలు ముందున్నారు. అది ఒక్క బడి అనేది మరిచిపోకూడదు. 2012లో మరొకటి వచ్చింది. అసలు సామగ్రికి తోడు వర్క్‌షీట్లు, వేరే ఆటవస్తువులు కలిపిన గదుల్లో పిల్లల ఎదుగుదల తక్కువ కనిపించింది.

పలకబలపం:
అందరూ సామగ్రి గురించే చెబుతున్నారు. నా ప్రశ్నకు ఎవరూ రావడం లేదు. పిల్లలు తమ పని తామే ఎంచుకునే మూడు గంటల వర్క్ సైకిల్‌లో పిల్ల రోజూ నీళ్లు పోసే పని దగ్గరే కూర్చుని, అక్షరాల అర వైపే వెళ్లకపోతే? ఇష్టం కదా అని వదిలేస్తారు. ఆరేళ్లకు చదవడం రాక వేరే బడిలో తల వంచుకునేది పిల్ల, మీరు కాదు.

సన్నజాజి:
వదిలేస్తారని ఎవరన్నారండీ? తెలియని మాట అంత గట్టిగా అనకండి. గంటన్నర దగ్గర గదిలో అలజడి వస్తుంది, పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు. పద్ధతి తెలియని టీచర్ అప్పుడే అందరినీ పాటలకు కూర్చోబెట్టి చెడగొడుతుంది. ఓపిక పడితే ఆ తర్వాతే పిల్లలు రోజంతటిలో కష్టమైన పని ఎంచుకుంటారు. అక్షరాలు తప్పించుకునే పిల్లను టీచరే పిలుస్తుంది: ముందు శబ్దాల ఆట, తర్వాత ఇసుక పళ్లెం, ఆ పైన రెండే అక్షరాలతో మూడు మెట్ల పాఠం. "ఇది మ", "మ ఏది చూపించు", "ఇది ఏమిటి?" మూడో మెట్టులో తడబడితే తప్పు అనరు, ఇంకో రోజు మొదటి మెట్టు నుంచి వస్తారు. సున్నా నుంచి తొమ్మిది దాకా గడులున్న స్పిండిల్ బాక్స్‌లో, ఏ గడిలో ఆ అంకె అన్ని వేయడానికి 45 పుల్లలుంటాయి, సున్నా గడి ఖాళీ. ఎక్కడ లెక్క తప్పినా తొమ్మిది దగ్గర పుల్ల చాలదు, లేదా మిగులుతుంది. తప్పు చెప్పడానికి పెద్దవాళ్ల నోరు అక్కర్లేదు.

పలకబలపం:
పుల్లలు చెబుతాయి, పిల్ల ఆ పెట్టె తీస్తే. తీయని పిల్లను చూడాల్సింది టీచరే. గదిలో ముప్పై మంది, ముప్పై దారులు, అన్నీ ఒక్క మనిషి కంటి మీద. ఆమె మారిపోతే? బద్ధకిస్తే? మామూలు బడిలో టీచర్ ఒక మోస్తరుదైనా అందరూ ఒకే పాఠం మీద ఉంటారు కాబట్టి వెనకబడింది నెలలో బయటపడుతుంది. ఇక్కడ ఏడాది గడిచినా ఇంట్లోవాళ్లకు తెలియదు. నా భయం రైలు గురించి కాదు, ఇదే.

సన్నజాజి:
ఇది మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. టీచర్ సరిలేకపోతే మాంటిస్సోరి గది మామూలు గది కంటే ఎక్కువ చెడుతుంది. ఒప్పుకుంటాను. కానీ నెలలో బయటపడే ఆ వెనకబాటులో సగం, ఆ రోజుకు సిద్ధంగా లేని పిల్లకు ఆ పాఠం పెట్టడం వల్లే వస్తుంది. వెనకబడిందనే ఆ ముద్ర నా లెక్కలో పెద్ద నష్టం. మీ లెక్కలో ఆలస్యం పెద్ద నష్టం. ఇక్కడ మనకు కుదరదు.

పలకబలపం:
కుదరదు. చదవడం ఆలస్యమైన పిల్లకు ముద్ర పడదని మీరెలా అంటారో నాకర్థం కాదు.

వేకువ:
మార్చే ఆలోచన ఇంట్లో మళ్లీ మాట్లాడతాను. టీచర్ పిల్లల గురించి రోజూ రాసుకునే పుస్తకం ఉందా అని బడిలో అడిగితే చాలా?

పలకబలపం:
పుస్తకం ఉందనే అంటారు. ఒక గంట మూల కూర్చుని గది చూడనివ్వమనండి. తర్వాత ఏదో ఒక పిల్లను చూపించి, పేరు చెప్పక్కర్లేదు గానీ, ఈ పిల్ల మూడు వారాలుగా ముట్టని పని ఏది, దానికి మీరేం చేశారు అని అడగండి.

సన్నజాజి:
అవును, అదే అడగండి. పుస్తకం తెరవకుండానే చెప్పగలిగితే చేర్చండి.