‘హెర్మిట్’ ముక్కకు తెలుగు పేరు: సన్యాసా, మునా, ఒంటరా?

మిత్రులకు నమస్కారం. జోస్యం చెప్పడానికి వాడే టారో పేకలో తొమ్మిదో ముక్క అయిన ‘ది హెర్మిట్’ను (జనానికి దూరంగా బతికేవాడు అని ఆ ఇంగ్లీషు మాటకు అర్థం) తెలుగులో ఏమనాలని ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు ఇప్పటికే ‘సన్యాసి’, ‘ఒంటరి’, ‘తాపసి’, ‘ఏకాంతవాసి’ అని నాలుగు సూచనలు వచ్చాయి. మొదటి సూచన చేసిన మిత్రుణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఒక పేకతో పాటు వచ్చే చిన్న పుస్తకాన్ని తెలుగు చేసినప్పుడు నేనూ కళ్ళు మూసుకుని ‘సన్యాసి’ అనే రాశాను. పెళ్ళి సంగతి తేల్చుకుందామని ముక్క తీసిన ఒకావిడ ఆ పేరు చదివి, తర్వాతి పేజీ తిప్పకుండానే పుస్తకం మూసేసిందని తెలిశాక గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. కార్డు చెప్పే అర్థం చదవడానికి ముందే పేరు తన అర్థం చెప్పేసింది.

పేరు పెట్టే ముందు బొమ్మను ఒకసారి నిదానంగా చూడాలి. నేడు ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన మీద పమేలా కోల్మన్ స్మిత్ గీయగా 1909లో లండన్‌లో వెలువడిన పేక. అందులో తెల్లని గడ్డం, నేల దాకా జారిన బూడిద రంగు ముసుగు అంగీ ఉన్న ముసలాయన మంచు మీద నిలబడి ఉంటాడు. కుడిచేతిలో పైకెత్తి పట్టుకున్న లాంతరు, ఆ లాంతరులో వత్తికి బదులు ఆరు కోణాల నక్షత్రం, ఎడమచేతిలో పొడవైన పసుపుపచ్చని చేతికర్ర. తల వంచుకుని ఉంటాడు. చుట్టూ చెట్టు లేదు, గుడిసె లేదు, దారి కూడా లేదు, దూరాన మంచుకొండల అంచులు తప్ప. మరొక సంగతి గమనించండి: లాంతరు అంటే దివిటీ కాదు. గాలికి ఆరకుండా గోడల మధ్య దాచిన వెలుగు అది. కొండంతా చూపించదు, నాలుగు అడుగులు చూపిస్తుంది.

ఈ ముసలాయన చేతిలో మొదట లాంతరు లేదన్నది చాలామందికి కొత్తగా వినిపించవచ్చు. టారో పుట్టింది జాతకం చెప్పడానికి కాదు, 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో పేకాడుకోవడానికి. 78 ముక్కల్లో ఇప్పుడు మేజర్ ఆర్కానా అని గంభీరంగా పిలిచే 22 ముక్కలలో ‘ది ఫూల్’ ఒక్కటి పోగా మిగిలినవన్నీ మన పేకాట భాషలో చెప్పాలంటే అచ్చంగా తురుపు ముక్కలు. మిలాన్ ప్రభువుల కోసం చేతితో చిత్రించిన నాటి పేకలో ఈ వృద్ధుడి చేతిలో ఉన్నది ఇసుక గడియారం. పాత ఇటాలియన్ జాబితాలు కూడా ఆయనను ‘ముసలివాడు’, ‘గూనివాడు’, ‘కాలం’ అనే పేర్లతోనే పిలిచాయి. తర్వాతి కాలంలో గడియారం స్థానంలోకి లాంతరు వచ్చింది, ఫ్రెంచి మార్సెయ్ పేకల్లో ‘లెర్మిత్’ అన్న పేరు స్థిరపడింది. అంటే ముందు వార్ధక్యం, ఆ తర్వాతే జ్ఞానం. ఈ రెండింటినీ ఒక్క మాటలో ఇమిడ్చే పలుకుబడి తెలుగులో సిద్ధంగా ఉంది: తలపండినవాడు. పేరుగా అది కుదరకపోయినా, వ్యాఖ్యానంలో ఎక్కడో ఒకచోట వాడకుండా వదిలిపెట్టవద్దని నా మనవి.

1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు ఈ ముక్కలో సత్యాన్ని వెతుక్కుంటూ తిరిగే జ్ఞానిని చూశాడు. పట్టపగలు దీపం పట్టుకుని మనిషి కోసం వెతికిన గ్రీకు తత్త్వవేత్త డయోజనీస్ ఆయనకు గుర్తుకొచ్చాడు. వెయిట్ దీనికి ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఇది వెతుకులాట ముక్క కాదు, చేరుకోవడాన్ని చెప్పే ముక్క. నేను నిలిచిన చోటికి మీరూ రాగలరని కింద ఉన్నవారికి సూచించడానికే ఆ లాంతరు పైకి లేచింది. పాత బొమ్మల్లో అంగీ మడతలో సగం దాగిన లాంతరును ఆయన పూర్తిగా బయటికి తీయించడానికి కారణం కూడా ఇదే. మన భాషలో ఈ తగాదా రెండు మాటల్లో తేలిపోతుంది: జెబెలాఁ చూసింది సాధకుణ్ణి, వెయిట్ చూపించింది సిద్ధుణ్ణి. ఇంగ్లీషులో పేరా పట్టే భేదం మనకు ఒక్క ధాతువులో దొరుకుతున్నప్పుడు, ‘అన్వేషి’, ‘ఆత్మాన్వేషణ’ అంటూ అరిగిపోయిన మాటలకు వెళ్ళడం నాకు నచ్చదు.

ఇక పేర్ల సంగతి. సన్యాసం అంటే చేతిలో ఉన్నదంతా పూర్తిగా కింద పెట్టేయడం. ‘న్యాసం’లో ఉన్నది ఆ అర్థమే. బొమ్మలో ఉన్నాయన రెండు చేతుల్లో ఏదీ ఖాళీగా లేదు. పైగా ఆ మాట మన నోట్లో నలిగి నలిగి ‘సన్నాసి’గా తిట్టుపదం కూడా అయి కూర్చుంది. చేతికర్రను ‘దండం’ అని అనువదించినా ఇదే చిక్కు, పాఠకుడి కంటికి కాషాయం కనిపించడం మొదలవుతుంది. తాపసి అనగానే ఒంటికాలి మీద నిలిచి కోరుకున్న వరం కోసం తపించేవాడు గుర్తుకొస్తాడు. ఈయన ఎవరినీ ఏమీ అడగడం లేదు. ‘హెర్మిట్’ మాటకు మూలమైన గ్రీకు ‘ఎరేమోస్’కు జనసంచారం లేని చోటు అని అర్థం కాబట్టి ‘ఏకాంతవాసి’ నిఘంటువు ప్రకారం చాలా దగ్గరిదే, కాదనను. కానీ అది చిరునామా చెబుతుంది, మనిషిని చెప్పదు. నా ఓటు ‘ముని’కి. మౌనం నుంచి ముని వచ్చాడని చాలామంది అనుకుంటారు గానీ వ్యాకరణం చెప్పే దారి తిరగేసి ఉంది, ముని స్వభావమే మౌనం. ఈ బొమ్మలో నోరు మెదపకుండా దీపం మాత్రం చూపిస్తున్న మనిషికి ఇంతకంటే సరిపడే రెండక్షరాలు నాకు తోచలేదు.

పేరు కంటే పెద్ద చిక్కు అర్థం దగ్గర వస్తుంది. ఈ ముక్క కింద కొందరు ‘ఒంటరితనం’ అని రాస్తున్నారు, అది సరికాదు. ఈ మాటల పక్కన ఏ క్రియలు వచ్చి కూర్చుంటాయో చూస్తే తేడా దానంతట అదే బయటపడుతుంది. ఒంటరితనం వేధిస్తుంది, పీడిస్తుంది, మీద పడుతుంది. ఏకాంతం మాత్రం దొరుకుతుంది, లేదా దొరకదు. దాన్ని కోరుకుంటాము, కల్పించుకుంటాము, ఎవరైనా వచ్చి కూర్చుంటే భంగమైందని విసుక్కుంటాము. ఒకరిని నలుగురూ కలిసి ఒంటరిని చేయగలరు, ఏకాకిని చేయగలరు, కానీ ఎవరినీ ‘ఏకాంతుణ్ణి’ చేయలేరు. అంతకంటే చిత్రం, ఏకాంతంలో ఇద్దరు కూడా ఉండవచ్చు: ‘మీతో ఏకాంతంగా మాట్లాడాలి’ అంటాము, ‘మీతో ఒంటరిగా మాట్లాడాలి’ అని ఈ మధ్య డబ్బింగుల్లో వినిపిస్తున్నా చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. ఏకాంతంలో ఉన్నది ఏక, అంత అనే రెండు ముక్కలు, అంటే ఒకే కొస, ఒకే పక్క. సత్యానికి అనేక పక్కలుంటాయనే జైనుల అనేకాంతవాదంలో ఉన్న ‘అంతం’ కూడా ఇదే. కాబట్టి లెక్క మనుషులది కాదు, మనసు మొగ్గిన దిక్కుది. తొమ్మిదో ముక్క చెప్పే సంగతి సరిగ్గా అదే.

ఇక్కడ ఒక పాత మాటను గుర్తు చేయాలని ఉంది: వివిక్తం. నిర్జనమైన చోటు అని దానికి అర్థం. వేరుచేయడం అనే ధాతువు నుంచి అది పుట్టింది, ‘వివేకం’ పుట్టిందీ ఆ ధాతువు నుంచే. గుంపు నుంచి తనను వేరు చేసుకోవడం వివిక్తమైతే, మంచిని చెడును వేరు చేయగలగడం వివేకం. వెయిట్ ఈ ముక్కకు ఇచ్చిన అర్థాల జాబితా వివేకంతో, ఆచితూచి అడుగు వేయడంతో మొదలవుతుందని తెలిశాక ఈ రెండు మాటల చుట్టరికం నన్ను కొద్దిసేపు కదలనివ్వలేదు. వాడుకలో లేని ‘వివిక్తం’ను ఇప్పుడు తెచ్చి పాఠకుడి నెత్తిన పెట్టమని నేను అనడం లేదు, అనువాదకుడి మనసులో ఉంటే చాలు. (ప్రసంగవశాత్తూ, వెయిట్, స్మిత్ ఇద్దరూ సభ్యులుగా ఉన్న గోల్డెన్ డాన్ అనే గూఢవిద్యల సంఘం ఈ ముక్కను కన్యారాశికి జత చేసింది. ఆ రాశికి అధిపతి బుధుడు, తెలుగులో బుధుడంటే తెలిసినవాడు.)

అయితే అదే జాబితాలో ఆ వెంటనే నమ్మకద్రోహం, కపటం, మోసం కూడా ఉన్నాయి. ముక్క తిన్నగా పడినప్పటి అర్థాల్లోనే ఉన్నాయి. ఇంత ప్రశాంతమైన బొమ్మకు ఈ మకిలి ఎక్కడిదని ఒక మిత్రుడు నిన్న ఆశ్చర్యపోయారు. వెయిట్ పాత సోదె చెప్పేవారి అర్థాలను తన జాబితాలో అలాగే ఉంచాడన్నది ఒక జవాబు. కానీ ‘కొంగజపం’, ‘దొంగ సన్యాసి’ అన్న మాటలతో పెరిగిన మనకు అసలు ఆశ్చర్యమే కలగకూడదు. సీత గుమ్మం ముందు నిలిచి భిక్ష అడిగినవాడి వేషం ఏమిటో మనలో ఎవరికి తెలియదు? ముసుగు అంగీ లోపల ఎవరున్నారో బయటివారికి తెలియదన్న అనుమానమే ఆ జాబితాలోకి ఎక్కింది. అందుచేత పుస్తకం రెండో ముద్రణకు నేను ఆ పదాలను తీసేయకుండా ‘మౌనం చాటున కపటం’ అని ఒక్క పదబంధంగా కుదించాను.

మిగిలింది తలకిందులుగా పడినప్పటి అర్థం, అక్కడే నేను ఇంకా తడబడుతున్నాను. దాపరికం, మారువేషం, భయం, కారణం లేని అతిజాగ్రత్త అని వెయిట్ చెప్పినవాటికి తెలుగు సులభంగానే కుదిరింది. కానీ ఇప్పుడు టారో చూసి చెప్పేవారు వీటికి మరొకటి కలుపుతున్నారు: అవసరం తీరిపోయాక కూడా కొండ దిగకపోవడం, అంటే ఏకాంతం పులిసి ఒంటరితనంగా మారడం. ‘ఏకాకితనం’ అంటే తప్పు లోకానిది అయిపోతుంది, ‘వైరాగ్యం’ అంటే మెచ్చుకోలు అయిపోతుంది. ప్రస్తుతానికి ‘తనలోకి తాను ముడుచుకుపోవడం’ అని రాసి పెట్టుకున్నాను. అది వర్ణన అవుతోంది గానీ పదం కావడం లేదు, కాబట్టి ఎవరికైనా ఒక్క మాటలో తోస్తే ఇక్కడే రాయగలరు.