కిడ్నీ మార్పిడి అయింది, ఇంట్లో చంటిపిల్ల ఉంది. పోలియో చుక్కలు, వరద రోజులు ఎలా?

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. నాకింకా ముప్పై నిండలేదు. డయాలసిస్ చేయించుకుంటూ, అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నాను. బ్రెయిన్ డెడ్ అయిన ఒకరి కిడ్నీ నాకు పెట్టారు. వాళ్లెవరో మనకి చెప్పరు కదా, ఆ ఇంటివాళ్లకి ఇక్కడే దండం పెడుతున్నాను.

ఇప్పుడు టెన్షన్ అంతా మా పాప గురించి. ఏడాదిన్నర పిల్ల. పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్, వేశాక కొన్ని వారాలపాటు పిల్లల మలంలో బయటికి వస్తుందట. నేనేమో కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ మాత్రలు మింగుతున్నాను. పోలియో ఇంజెక్షన్ ఒక్కటే వేయించి, చుక్కలు మానొచ్చా? ఆశా అక్క చుక్కలు వేయించాల్సిందే అంటోంది. మా డాక్టరుగారిని అడుగుతాను, అది వేరే సంగతి. కానీ ఇంట్లో మీరెలా నెట్టుకొచ్చారు? పాపకి కడగడం, బట్టలు మార్చడం పూర్తిగా మా ఆయనకే వదిలేయాలా? ఆయన పొద్దున్నే చెరువు మీదికి వెళ్లిపోతారు మరి.

ఇంకోటి, వరద. గోదావరి పొంగితే కాజ్‌వే మునిగి మాకు పడవే దిక్కు. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ టెస్టుకి రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర మింగకముందే రక్తం ఇవ్వాలి. అమలాపురంలో గానీ రాజమండ్రిలో గానీ ఆ శాంపిల్ ఎక్కడ తీసుకుంటున్నారు? లంకల్లో ఉన్నవాళ్లు ఆ రోజుల్లో ఊళ్లోనే ఉంటున్నారా, ముందే చుట్టాలింటికి వెళ్లిపోతున్నారా?