‘మేము’ పక్కన కామా ఎందుకు? – ‘ప్రజలమైన మేము’ మీద చర్చ

ప్రశ్న

అందరికీ నమస్కారం. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి మా అమ్మాయి చార్టు మీద ప్రవేశిక రాసింది. ఎనిమిదో తరగతి. మొదటి వరుస ‘ఉయ్ ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎక్కడా ఆగకుండా రాసేసింది. టీచరు గారు ‘ఉయ్’ తర్వాత ఒకటి, ‘ఇండియా’ తర్వాత ఒకటి ఎర్ర సిరాతో కామాలు పెట్టి పంపారు. ‘అమెరికా వాళ్ల రాజ్యాంగంలో ఉయ్ పక్కన కామా లేదు, ఫోన్లో చూశా’ అని దీని వాదన. చూస్తే నిజమే. ‘అపోజిటివ్ కాబట్టి కామా’ అన్నారట టీచరు. అదేమిటో, తెలుగులో దానికి సాటి ఏమిటో ఎవరైనా విడమరిచి చెబుతారా? తెలుగు ప్రవేశికలో ‘ప్రజలమైన మేము’ అని హాయిగా ఉంది, మధ్యలో ఏ గుర్తూ లేదు.

జవాబు (ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి)

అమ్మా, వెతికి చూసి వాదించినందుకు అమ్మాయికి ముందు శభాష్ చెప్పండి. టీచరు గారిదీ తప్పు లేదు. 1949లో ఆమోదించిన మన ప్రవేశికలో ఆ రెండు కామాలూ ఉన్నాయి. ఎత్తి రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టే రాయాలి.

ఇక అపోజిటివ్. ఒక నామవాచకాన్నో సర్వనామాన్నో చెప్పి, దాని పక్కనే అదే మనిషిని, అదే వస్తువును ఇంకో మాటతో చెబితే ఆ రెండోది అపోజిటివ్. ‘పక్కన పెట్టడం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన వ్యాకరణంలో దీనికి దగ్గరి మాట సమానాధికరణం. బళ్లో ‘గోదావరీ నది’కి విగ్రహవాక్యం ‘గోదావరి అనే పేరు గల నది’ అని రాసి, సంభావనా పూర్వపద కర్మధారయం అని వల్లె వేశాం కదా, అక్కడ గోదావరీ నదీ రెండు కాదు. అలాగే ‘ఉయ్’ ఎవరు? ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’. ఇద్దరూ ఒకరే.

కామా సంగతి మా క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి. ‘మై బ్రదర్ రవి’ అని కామా లేకుండా రాస్తే నాకు అన్నదమ్ములు కొందరున్నారు, వాళ్లలో రవి గురించి చెబుతున్నాను అని. ‘మై బ్రదర్, రవి,’ అని రెండు వైపులా కామా పెడితే ఉన్నదే ఒక్కడు, పేరు మాటవరసకు చెప్పానంతే, తీసేసినా ఎవరో తెలుస్తుంది అని. దీనికి మన ఇళ్లలోనే ఉదాహరణ ఉంది. ‘డాక్టరు మామయ్య’ అన్నామంటే ఇంకో మామయ్య కూడా ఉన్నట్టే, ఆ ‘డాక్టరు’ ఏ మామయ్యో తేల్చడానికి. ‘హైదరాబాదు పిన్ని’ కూడా అంతే. అదే ‘మా మామయ్య... డాక్టర్లెండి’ అంటే అది అదనపు కబురు. ఇంగ్లిషు కామా పెట్టే చోట మనం గొంతు దించుతాం.

ఇప్పుడు అమెరికా. ‘ఉయ్ టీచర్స్’, ‘యూ బాయ్స్’ అన్నట్టు సర్వనామాన్ని నామవాచకానికి అతికించి ఒకే ముద్దగా పలకడం కూడా ఇంగ్లిషుకు అలవాటే. 1787 నాటి వాళ్ల వాక్యం ఆ తరహా. 1945 ఐక్యరాజ్యసమితి చార్టరూ అలాగే మొదలవుతుంది. 1937 ఐర్లండు రాజ్యాంగంలోనూ మనదాంట్లోనూ ‘ఉయ్’ దగ్గర ఆగి, ఆ ఎవరమో చెప్పి, మళ్లీ ఆగి ముందుకు పోతారు. ఆదేశిక సూత్రాల ఆలోచన ఐర్లండు నుంచి తెచ్చుకున్నాం గానీ, కామా కూడా అక్కడిదేనని మాత్రం నేను అనను! నా చెవికి మన ఆగడమే బాగుంటుంది. ‘మేము’ అని ఒక్క క్షణం నిలబడినట్టుంటుంది.

అడిగినావిడ

చాలా థాంక్సండీ మాస్టారూ. డాక్టరు మామయ్య దగ్గర ఇద్దరికీ వెలిగింది. మరి తెలుగులో కామా లేకుండా ఎలా సరిపోయింది?

అదే మాస్టారు

క్రియ ఉంది గనక సరిపోయిందమ్మా. ‘అగు’, ‘అను’ అనే రెండు ధాతువులు మనకు ఆ పని చేసిపెడతాయి. గుణమో హోదానో అయితే ‘అయిన’, పేరైతే ‘అనే’. రాజైన దశరథుడు, దశరథుడనే రాజు.

అంతకన్నా అందమైనది ‘ప్రజలమైన’లో దాక్కున్న ‘మ’. అది ‘మేము’ తాలూకు గుర్తు. మేము రైతులం, నువ్వు మంచివాడివి, నేను ఊరికి కొత్తవాణ్ణి అన్నప్పుడు నామవాచకం చివర పురుష ప్రత్యయం చేరుతుంది కదా, అదే ఇది. ప్రజలు, ప్రజలము, ప్రజలమైన. ‘మేము’ రాకముందే మాట్లాడేది మేమేనని తెలిసిపోయింది. ఇంగ్లిషు ‘పీపుల్’కి ఆ భాగ్యం లేదు, విడిగా చూస్తే అది ఎవరైనా కావచ్చు. ఈమధ్య కొందరు ‘ప్రజలైన మేము’ అని రాస్తున్నారు. నాకు పంటి కింద రాయిలా తగులుతుంది.

మరొకరు (దస్తావేజులు రాసేవాణ్ణి)

మాస్టారూ, మా పని మొత్తం ఇదేనండీ. ‘ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా అను నేను’ అని మొదలుపెడతాం. ఊరు, తండ్రి, వృత్తి, పేరు వరసగా పేర్చుకుంటూ పోయి చిట్టచివర ‘నేను’ వస్తుంది. ఇంగ్లిషు దస్తావేజులో ‘ఐ’ ముందే వచ్చేసి, మిగతాదంతా కామాల మధ్య వెనకాల నడుస్తుంది. మంత్రుల ప్రమాణమూ అంతే కదా. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ‘ఐ, ఏ.బీ., డూ స్వేర్’ అని కామాల మధ్య పేరు. తెలుగులో ‘ఫలానా అనే నేను’. పేరుకి ‘అను’ అని మీరన్నది సరిగ్గా కుదిరింది. ఇన్నేళ్లూ వ్యాకరణం అని తెలియకుండానే రాస్తున్నాను.

మరొకరు (డాలస్ నుంచి)

కామా వల్ల నేను పడ్డ పాట్లు చెబుతా. పాప పుట్టినరోజుకి ఆఫీసు స్నేహితురాలికి ‘మై బ్రదర్, రవి అండ్ సీత ఆర్ కమింగ్’ అని మెసేజ్ పెట్టాను. నా ఉద్దేశం ముగ్గురు. తను రవి, సీత ఇద్దరూ మా బ్రదర్ తరఫు వాళ్లో ఏమిటో అర్థంకాక, పోనీ రవే మా బ్రదర్ అనుకుని రెండు కుర్చీలు వేయించింది. తెలుగులో ఈ గొడవ రాదు. ‘మా తమ్ముడు రవికి, సీతకి చెప్పాను’ అంటే ఇద్దరు. ‘మా తమ్ముడికి, రవికి, సీతకి’ అంటే ముగ్గురు. ఒకే మనిషైతే విభక్తి చివర ఒక్కసారే.

మాస్టారు

భేషైన పరిశీలన! సంస్కృతంలో దీనికి తలకిందులు, ఒకే మనిషికి చెందిన రెండు మాటలకూ విభక్తి రావాలి. మనం మొదటిదాన్ని వట్టిగా వదిలేసి రెండోదానికే తగిలిస్తాం.

మరొకరు

తెలుగే గొప్ప అని ముగించేయకండి. ‘పేదలైన రైతులకు రుణమాఫీ’ అని ఒక ప్రకటన వచ్చిందనుకోండి. రైతులందరూ పేదలే కాబట్టి అందరికీనా, రైతుల్లో పేదలకు మాత్రమేనా? ‘అయిన’ రెండింటికీ తలూపుతుంది. ఇంగ్లిషులో ఆ వివరాన్ని కామాల మధ్య పెడితే అందరికీ, కామా తీసేస్తే కొందరికే. బ్యాంకు గుమ్మం దగ్గర ఆ తేడా చిన్నది కాదు.

మాస్టారు

ఒప్పుకున్నాను. ఆ చోట మనం ‘రైతుల్లో పేదలకు’ అని మార్చి రాసుకోవాలి, ‘అయిన’ని నమ్ముకుంటే కుదరదు. ఇంకో మాట, అమ్మాయికి చెప్పండి: వాక్యం మధ్యలో వచ్చే అపోజిటివ్‌కి మొదటి కామా పెట్టి రెండోది మరిచిపోవడం మన పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు. తలుపు తీసినవాళ్లే వేయాలి అనేవాణ్ణి క్లాసులో.

అడిగినావిడ

చెప్పానండీ. చార్టు మళ్లీ రాసింది, కామాలు రెండూ పెట్టింది, కాకపోతే వాటికి కూడా ఎర్ర రంగే వేసింది. రాత్రి నుంచి కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దున సెలవు చీటీ తనే తెలుగులో రాసుకుంది: ‘జ్వరపీడితురాలినైన నేను’.