చిత్రిక మిషన్ బల్లకి తుప్పు

ప్రశ్న: మాది కాకినాడ. చెక్కని నున్నగా చదును చేసే నాన్నగారి చిత్రిక మిషన్ వర్షాకాలమంతా షెడ్డులోనే ఆగిపోయింది. పోత ఇనుము బల్లంతా ఎర్రగా తుప్పు. పచ్చి తుమ్మచెక్క వదిలేసిన చోట అరచేయంత నల్ల మచ్చ. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. గ్రైండర్ పెట్టేయనా?

జవాబు: గ్రైండర్ వద్దు తమ్ముడూ! బల్ల గుంటలు పడితే చెక్క సమంగా రాదు. ముందు కరెంటు తీసెయ్. కిరసనాయిలు, లేకపోతే డీజిల్ రాసి పావుగంట నాననివ్వు. 320 నంబరు ఎమరీ కాగితం చదునైన చెక్కముక్కకి చుట్టి, పొడవునా రుద్దు. నూనె కాఫీరంగుకి తిరగ్గానే తుడిచేసి మళ్లీ రాయి.

ప్రశ్న అడిగినవారు: రెండు గంటలు పట్టిందన్నా. తుప్పు పోయింది, మచ్చ నీడలా మిగిలింది.

జవాబు: గోరుకి తగలకపోతే వదిలెయ్. పొడిగా తుడిచి మైనం పట్టించు. సిలికాన్ స్ప్రే మాత్రం కొట్టకు, చెక్కకి అంటితే పాలిష్ పట్టదు.