నీళ్లలో అగ్గి ఆరిపోదా? పిల్లలకు ఎట్ల చూపించాల?

అనంతపురం దగ్గర పల్లెలో నాలుగో తరగతికి చెప్తాను. మా పిల్లలు చెరువే గానీ సముద్రం చూడలేదు. అండమాన్‌లోని బారెన్ దీవి అగ్నిపర్వతమే అంటే ఒక పాప లేచి, "నీళ్లలో అగ్గి ఆరిపోదా సార్?" అనింది. ఎంత మంచి ప్రశ్న! లావా పైపొర చల్లబడి రాయవుతుంది, లోపల వేడి అట్లే ఉంటుంది, పొర మీద పొర పేరుకుని నీటిపైకి వస్తుందని చెప్పినా. 1963లో ఐస్‌లాండ్ దగ్గర సుమారు 130 మీటర్ల లోతు నుంచి సర్ట్‌సీ దీవి అట్లే పుట్టింది.

సంగటి కుతకుతలాడేది గుర్తు చేస్తే తలూపినారు. కానీ గడ్డకట్టేది కళ్లకు కనపడాల కదా! వంటసోడా, వెనిగర్ కలిపి చేసే అగ్నిపర్వతంలో నురగే వస్తుంది, గడ్డకట్టదు. గాజు బీకరు అడుగున మైనం, పైన ఇసుక, చన్నీళ్లు పోసి వేడిచేస్తే మైనం పైకెగసి గడ్డకడుతుందంట. ఎవరైనా చేసినారా? మైనం ఎంత వేయాల? బీకరు పగలకుండా ఏం చూసుకోవాల? పిల్లల ముందర చేసేది, దయచేసి చెప్పండి.