టోల్కీన్ డ్వార్ఫులలో యూదుల ఛాయ: గౌరవమా, పాత నిందా?

అటకమీదిపుస్తకం:
ఆంగ్ల రచయిత టోల్కీన్ 1955లో రచయిత్రి నయోమీ మిచిసన్‌కు రాసిన ఉత్తరంలో, తన కథల్లోని డ్వార్ఫులను (కొండల కింద గనులు తవ్వుకునే పొట్టి జాతి) తాను యూదుల వంటివారిగా భావిస్తానని, వారు ఉన్నచోట ఏకకాలంలో స్థానికులూ పరాయివారూ అని, దేశభాష మాట్లాడినా సొంత భాష యాస వారిని వదలదని చెప్పుకున్నాడు. కాబట్టి ఈ పోలిక పాఠకుల ఊహ కాదు. అయితే 1937 నాటి ఆయన నవల ‘ద హాబిట్’లో ఇదే డ్వార్ఫులు డబ్బు విలువ బాగా ఎరిగిన లెక్కల మనుషులు; నిధి కంటపడగానే వారి నాయకుడు థోరిన్‌కు మతి చలిస్తుంది. మధ్యయుగాల ఐరోపా యూదులపై వేసిన నింద కూడా ఇదే. తెలిసి చేసినా తెలియక చేసినా రచయిత దానిని మోసుకొచ్చాడనే నా అభిప్రాయం. కాదనేవారు ఆధారాలతో చెప్పాలని మనవి.

నిఘంటువు:
బంగారం యావ యూదుల నుంచి వచ్చింది కాదండీ. ఆంద్వరి అనే డ్వార్ఫు, అతని నిధి, శాపం తగిలిన ఉంగరం పాత నార్స్ (ప్రాచీన స్కాండినేవియా) గాథల్లోనే ఉన్నాయి. థోరిన్ బృందం పేర్లలో చాలావరకు ‘వోలుస్పా’ అనే నార్స్ కావ్యంలోని డ్వార్ఫుల జాబితా నుంచి తీసుకున్నవే. యూదుల నుంచి తీసుకున్నది ప్రధానంగా వారి హీబ్రూ భాష పోకడ. హీబ్రూకు బంధువైన అరబ్బీలో సలాం, ఇస్లాం, ముస్లిం అనే మూడు మాటల్లోనూ స-ల-మ అనే హల్లులు స్థిరంగా ఉండి, వాటి చుట్టూ అచ్చులు మారినట్లే (మన తెలుగులోనైతే ప్రత్యయాలు పదం చివర చేరుతూ పోతాయి), డ్వార్ఫుల జాతి పేరు ‘ఖజాద్’, వారి భాష ‘ఖుజ్దుల్’ ఒకే మూడు హల్లుల ధాతువు నుంచి పుట్టాయి. ఆ మాటలను సెమిటిక్ (హీబ్రూ, అరబ్బీల భాషా కుటుంబం) పద్ధతిలో కట్టానని టోల్కీన్ బీబీసీ ఇంటర్వ్యూలో స్వయంగా అన్నాడు. పైగా 1938లో ఒక జర్మన్ ప్రచురణ సంస్థ ఆయనను ఆర్యుడవునా (నాజీల లెక్కలో, యూదుడు కానివాడేనా) అని అడిగినప్పుడు, ప్రతిభావంతమైన ఆ యూదు జాతిలో తనకు పూర్వీకులు లేకపోవడం విచారకరమని జవాబు చిత్తుప్రతిలో రాసుకున్నాడు.

గుడ్డిదీపం:
నిఘంటువు గారు చెప్పినవన్నీ నిజమే, కానీ చిక్కు అక్కడే ఉంది. నార్స్ డ్వార్ఫుకు బంగారం మీద మోజు ఉంటే అది ఎవరినీ నొప్పించదు. ఇల్లు కోల్పోయి దేశాలు పట్టి తిరిగే జాతికి సెమిటిక్ భాష ఇచ్చినా అభ్యంతరం లేదు. ఈ రెండింటినీ ఒకే ఒంటికి తొడిగితేనే పాత నింద తనంతట తాను తయారవుతుంది. చరిత్రలో యూదులు వడ్డీ వ్యాపారంలోకి వెళ్లింది స్వభావం వల్ల కాదు. అనేక చోట్ల వారికి భూమి దక్కనివ్వలేదు, వృత్తి సంఘాలలో చోటివ్వలేదు. క్రైస్తవులు వడ్డీ తీసుకోవడాన్ని చర్చి నిషేధించింది. రాజులు యూదుల వద్ద వీలైనంత పిండుకున్నారు. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు చివరికి 1290లో వారిని దేశం నుంచే వెళ్లగొట్టాడు. నవలలో ఈ కారణాల ఊసే లేదు, లోభం మాత్రం పుట్టుకతో వచ్చిన గుణంలా కనిపిస్తుంది. టోల్కీన్ తరువాత దిద్దుకున్నాడనే అనుకుంటున్నాను. 1954లో వచ్చిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగంలో, ఎల్ఫులనే అమరజాతి దొరసాని గలాద్రియెల్ ఏం కావాలని అడిగితే డ్వార్ఫు గిమ్లీ కోరింది ఆమె తల వెంట్రుక ఒక్కటి. ఆమె మూడిచ్చి, అతని చేతుల్లో బంగారం పారినా అది అతణ్ణి ఏలలేదని దీవిస్తుంది.

అటకమీదిపుస్తకం:
గిమ్లీకి అటువంటి దీవెన అవసరమైందంటే, తక్కిన డ్వార్ఫులను బంగారం ఏలుతుందనే కదా అర్థం?

నిఘంటువు:
ఆ మాట కాదనలేను. అయితే పోలికను అంత పూర్తిగా నమ్మవద్దని కూడా చెప్పాలి. డ్వార్ఫులు ఇతరుల ముందు మనుషుల భాషలోని పేర్లే వాడతారు. అసలు పేరు పరాయివారికి చెప్పరు, సమాధి మీద సైతం చెక్కరు. మోరియా అనే వారి పాత భూగర్భ నగరంలో బాలిన్ అనే డ్వార్ఫు సమాధిపై ఉన్నది కూడా పైపేరే. యూదులకూ నలుగురిలో వాడుకునే పేరు వేరు, హీబ్రూ పేరు వేరు. కానీ వారి హీబ్రూ పేరు రహస్యం కాదు. తోరా (యూదుల ధర్మగ్రంథం) పఠనానికి సినగాగు అనే ప్రార్థనామందిరంలో పిలిచేది ఆ పేరుతోనే, సమాధి రాతిపై సాధారణంగా చెక్కేదీ ఆ పేరే.